జానెడు ఎత్తు కోసం



హైదరాబాద్ హబ్సిగూడలో కొండలు లేవు, అడవుల్లేవు, ఇసుక తిన్నెలూ లేవు. అటు తార్నాక నుంచి ఇటు ఉప్పల్ రింగ్ రోడ్డు దాకా ఉన్నదల్లా మెట్రో పిల్లర్లకు రెండు వైపులా సాగే తారు రోడ్డు, దాని మీద తరగని ట్రాఫిక్కు. అయినా ఏ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి తొంగి చూసినా ఎస్‌యూవీలే. టీవీ ప్రకటనలో ఆ బండి మంచుకొండ ఎక్కుతుంది, దుమ్ము లేపుకుంటూ ఎడారిలో దౌడు తీస్తుంది. అదే బండి మన దగ్గరికొచ్చాక పొద్దున పిల్లల్ని బడి దగ్గర దింపుతుంది, పగలంతా ఆఫీసు పార్కింగ్‌లో ఎండకు ఎండుతుంది, సెలవు రోజున యాదగిరిగుట్టకు పోయొస్తుంది.

ఈ పనులకు ఎస్‌యూవీ ఎందుకండీ అని కొన్నవాళ్లనే అడుగుతూ వచ్చాను. మా కాలనీలో అడిగాను, నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో అడిగాను, ఉప్పల్‌లో వీల్ అలైన్‌మెంట్ కోసం వరుసలో కూర్చున్నవాళ్లను అడిగాను. ఫీచర్లని ఒకరన్నారు, లుక్కని ఒకరన్నారు, బావమరిది కొన్నాడని ఒకాయన నిజం చెప్పేశాడు. కానీ కాసేపు మాట్లాడనిస్తే అందరూ వచ్చి ఆగేది ఒక్క దగ్గరే. ఎత్తు. బండి నేలకు ఎంత ఎత్తున ఉంది అన్నది. మనం ఏడెనిమిది లక్షలు పోసి కొంటున్నది ఆ జానెడు ఎత్తునే. అది ఎక్కడ అక్కరకొస్తుంది, ఎక్కడ మోసం చేస్తుంది అన్నదే ఇవాళ్టి నా ముచ్చట.

నాచారంలో లేత్ మిషన్ల షెడ్డు నడిపే ఒకాయన చెప్పిన మాట ఆయన నోటి వెంటే వినాలి. "పాత కారున్నప్పుడు మా గల్లీ స్పీడ్ బ్రేకర్ కాడికి రాంగనే అందర్ని దిగుమనేటోన్ని సార్. దిగితెనే కింద తగలకపోయేది. ఒకసారి మా అత్తమ్మను గూడ దింపిన. ఆమె దిగి నడుస్తాంటే నేను ఎన్క కారేసుకొని వస్తున్న. ఇజ్జతే పోయింది. ఇప్పుడు ఐదుగురం గూసున్నా సప్పుడు లేకుంట దాటుతది." ఆ ఒక్క బ్రేకర్ కోసమే ఆయన బండి మార్చాడంటే నమ్మొచ్చు.

స్పీడ్ బ్రేకర్ ఎలా ఉండాలో మన దేశంలో ఒక పద్ధతి ఉంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లోనే కొలతలు రాసి పెట్టింది. వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు, మెల్లగా లేచి మెల్లగా దిగాలి. అలా కడితే ఏ చిన్న కారుకూ కింద తగలదు. కానీ మన కాలనీల్లో బ్రేకర్లు ఎలా పుడతాయో మీకు తెలుసు. ఎవరి పిల్లాడికో బైక్ తగులుతుంది, సాయంత్రానికి కాలనీవాళ్లు చందాలేసుకుంటారు, మర్నాడు పొద్దున్నే మేస్త్రీ వచ్చి సిమెంటు గట్టు ఒకటి అడ్డంగా పోసి పోతాడు. వెడల్పు మూరెడు, ఎత్తు ఆయన చేతి వాటం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పేరు ఆయన విని ఉండడు. భూమి లోతులు కొలిచే జాతీయ సంస్థ ఎన్‌జీఆర్‌ఐ 1961 నుంచి మన దగ్గరే ఉంది, దాని గేటు ముందున్న రోడ్డు మీద గుంతల లోతు మాత్రం ఎవరి షాకబ్జార్బర్‌తో వాళ్లే కొలుచుకోవాలి.

ఇక్కడ కొన్ని అంకెలు చెప్పుకోవాలి. మామూలు చిన్న కార్ల గ్రౌండ్ క్లియరెన్స్ 160, 165 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. టాటా పంచ్‌ది 187. మారుతి బ్రెజాది 198. నిస్సాన్ మాగ్నైట్, కియా సోనెట్ 205 దాకా, నెక్సాన్ 208. అంటే తేడా రెండు అంగుళాల లోపే. ఆ రెండు అంగుళాలకు ఇంత హంగామానా అనిపిస్తుంది గానీ, సిమెంటు గట్టు మీద సైలెన్సర్ గీసుకున్న చప్పుడు విన్నవాళ్లు ఆ మాట అనరు. ఇంకో సంగతి, ఈ అంకెలు చాలావరకు ఖాళీ బండివి. నలుగురు ఎక్కి, డిక్కీలో పెళ్లి సామాను పెట్టాక బండి కిందికి కుంగుతుంది. కాబట్టి బ్రోషర్‌లో 190 అని ఉంటే, ఊరికి బయల్దేరేటప్పుడు మీ చేతిలో ఉండేది 190 కాదు.

రెండో లాభం, నా లెక్కలో మొదటి లాభం, మోకాళ్లది. హబ్సిగూడ, తార్నాక ప్రాంతం రిటైరైనవాళ్ల ప్రాంతం. ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ, ఐఐసీటీ లాంటి పరిశోధన సంస్థల్లో, ఉస్మానియా యూనివర్సిటీలో ఉద్యోగం చేసి ఇక్కడే ఇల్లు కట్టుకున్నవాళ్లు చాలామంది. డెబ్బై దాటిన మనిషి కిందికున్న కారులో ఎక్కడం ఎప్పుడైనా గమనించారా? ముందు వెనక్కి తిరగాలి, ఒక చెయ్యి డోరు మీద, ఒక చెయ్యి సీటు మీద పెట్టి తనను తాను కింద పడేసుకోవాలి. దిగేటప్పుడు ఇంకా కష్టం, లేవడానికి ఎవరో చెయ్యివ్వాలి. చిన్న ఎస్‌యూవీలో సీటు దాదాపు నడుము ఎత్తులో ఉంటుంది. పక్కకు జరిగితే చాలు, కూర్చున్నట్టే. పంచ్‌లో అయితే డోర్లు తొంభై డిగ్రీలు పూర్తిగా తెరుచుకుంటాయి. మా వీధిలో ఒక రిటైర్డ్ సైంటిస్టు గారి భార్యకు రెండు మోకాళ్లకూ ఆపరేషన్ అయింది. ఆయన షోరూముకు పోయి ఇంజిన్ సంగతి అడగలేదు, టేపు తీసి సీటు ఎత్తు కొలిచారు. సేల్స్ కుర్రాడు బిత్తరపోయాడట. ఆయనకు కావలసిన అంకె బ్రోషర్‌లో లేదు మరి.

సరే, మనం ఎస్‌యూవీ అంటున్న ఈ బండి అసలు ఏమిటి? కొండలెక్కడానికి పుట్టిన జీపు సంతానం కాదు. చాలావాటికి నాలుగు చక్రాలకూ శక్తి వెళ్లదు, ముందు రెండు చక్రాలే లాగుతాయి. నిజానికి వీటిని పుట్టించింది పన్నుల చట్టం. 2006 కేంద్ర బడ్జెట్‌లో చిన్న కార్లకు ఎక్సైజ్ సుంకం తగ్గించారు. చిన్న కారంటే ఏమిటో కూడా చెప్పారు. పొడవు 4 మీటర్ల లోపు, పెట్రోలు ఇంజిన్ అయితే 1200 సీసీ, డీజిల్ అయితే 1500 సీసీ మించకూడదు. అప్పుడు అందరి కళ్లూ హ్యాచ్‌బ్యాక్‌ల మీదే ఉన్నాయి. 2012లో రెనో డస్టర్ వచ్చి, మామూలు కుటుంబాలకు కూడా పొడుగాటి బండి మీద మోజుందని చూపించింది. అది 4 మీటర్లు దాటింది. మరుసటి సంవత్సరం ఫోర్డ్ ఎకోస్పోర్ట్ 3,999 మిల్లీమీటర్లతో వచ్చింది. గీతకు ఒక్క మిల్లీమీటరు ఇవతల! ఆ తర్వాత 2016లో విటారా బ్రెజా, 2017లో నెక్సాన్, 2019లో వెన్యూ, 2020లో సోనెట్, మాగ్నైట్, 2021లో పంచ్ వరసగా దిగాయి. బ్రెజా, వెన్యూ, సోనెట్ మూడూ 3,995 మిల్లీమీటర్లే. వెనక డిక్కీ ఎవరో కత్తితో కోసినట్టు ఎందుకుంటుందో ఇప్పుడు అర్థమైంది కదా. డిజైనరు ఇంకో జానెడు లాగాలనుకున్నా పన్ను ఒప్పుకోదు.

జీఎస్టీ వచ్చాక కూడా అదే గీత నిలిచింది. చిన్న పెట్రోలు బండికి సెస్సుతో కలిపి 29 శాతం, పెద్ద ఎస్‌యూవీకి 50 శాతం. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్నవాటికి 18, మిగతావాటికి 40 అయింది. 29 నుంచి 18కి దిగిందంటే షోరూము ధరలో సుమారు ఎనిమిదిన్నర శాతం తగ్గాలి. 8 లక్షల బండి 7 లక్షల 32 వేల దగ్గరికి రావాలన్నమాట. ఇందులో ఒక తమాషా ఉంది. పెట్రోలు బ్రెజా పొడవులో చిన్నదే గానీ ఇంజిన్ 1462 సీసీ. కాబట్టి అది చిన్న కారు కాదు, 40 శాతంలోకి పోతుంది. దాని పక్కనే నిలబడ్డ వెన్యూ, అదే పొడవు, 1200 సీసీ ఇంజిన్‌తో 18లో ఉంటుంది. కొనేవాళ్లు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తారు గానీ బానెట్ కింద దాగున్న పన్నును ఎవరూ చూడరు.

ధర మాటకు వచ్చాం కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం, ఎందుకంటే కొన్నవాళ్లలో ఎక్కువమంది గుండె కలుక్కుమన్నది ఇక్కడే. పేపర్లో వేసేది ఎక్స్ షోరూమ్ ధర. మనం చెల్లించేది ఆన్‌రోడ్ ధర. తెలంగాణలో 5 నుంచి 10 లక్షల మధ్య కారుకు లైఫ్ ట్యాక్స్ 14 శాతం. 8 లక్షల బండికి 1 లక్షా 12 వేలు. 10 లక్షల గీత దాటితే శాతమే పెరుగుతుంది. చాలా మోడళ్ల ధర 9 లక్షల 99 వేల దగ్గర గీసినట్టు ఆగడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. దీని మీద ఇన్సూరెన్సు. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకు థర్డ్ పార్టీ ఒకేసారి మూడేళ్లకు కట్టాలి. 1000 నుంచి 1500 సీసీ మధ్య కారుకు అది 10,640 రూపాయలు, 1000 లోపయితే 6,521, పైన జీఎస్టీ అదనం. మాగ్నైట్‌ది 999 సీసీ ఇంజిన్ కావడం వెనక ఇలాంటి లెక్కలు కూడా ఉండొచ్చు.

ఇవి తప్పనివి. తప్పించుకోగలిగినవి ఇంకా ఉన్నాయి. హ్యాండ్లింగ్ ఛార్జీలు, అండర్‌బాడీ కోటింగు, యాక్సెసరీస్ ప్యాకు, సీటు కవర్లు. అన్నీ ఒకే కాగితం మీద, చివర్లో ఒకే మొత్తంగా కనిపిస్తాయి. ఇన్సూరెన్సు షోరూములోనే తీసుకోవాలన్న నిబంధన లేదు, బయట తెచ్చుకునే హక్కు మీకుంది. ఆ ముక్క అనగానే కొటేషన్‌లో ప్రీమియం దానంతటదే తగ్గడం నేను కళ్లారా చూశాను. ఏ షోరూము అని అడక్కండి. ఉప్పల్ వైపు అవి చాలానే ఉన్నాయి, ఎవరి టోపీ వాళ్లకు సరిపోతుంది.

ఇక ఈఎంఐ. "నెలకు పన్నెండు వేలే సార్" అంటారు. 8 లక్షల అప్పు, 9 శాతం వడ్డీ, ఏడేళ్లయితే నెలకు సుమారు 12,870. చివరికి కట్టేది 10 లక్షల 81 వేలు. అదే ఐదేళ్లకయితే నెలకు 16,600, మొత్తం 9 లక్షల 96 వేలు. తేడా 85 వేలు. ఏడేళ్ల వాయిదా ఎందుకిస్తారంటే, మనం పైనున్న వేరియంటుకు ఎగబాకాలని. సన్‌రూఫ్ అక్కడే ఉంటుంది. హైదరాబాద్ ఎండలో సన్‌రూఫ్ ఎన్నిసార్లు తెరుస్తారని అడిగితే, "పిల్లలు తల బయట పెడతరని బంద్ చేసినం" అన్నారు ఇద్దరు ముగ్గురు. మంచి పని చేశారు.

ఇప్పుడు అసలు కథ. వాన.

ఎత్తు బండి కొన్న ప్రతివాడికీ లోపల ఒక ధైర్యం ఉంటుంది. నీళ్లొచ్చినా పోవచ్చని. హబ్సిగూడ వాళ్లకు ఆ ధైర్యం కొనుక్కోవాలనిపించడానికి కారణం ఉంది. 2020 అక్టోబరు 13న కురిసిన వాన ఈ తూర్పు వైపు ఎవరూ మరిచిపోలేదు. ఘట్‌కేసర్ దగ్గర ఒక్క రోజులో 32 సెంటీమీటర్లు పడింది. రామంతాపూర్ చెరువు పొంగింది, స్ట్రీట్ నంబర్ 8 నుంచి కిందికి దిగితే వచ్చే రవీంద్రనగర్ వైపు ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. సెల్లార్లలో కార్లు మునిగాయి. మునిగిన బండికి అది హ్యాచ్‌బ్యాకా ఎస్‌యూవీయా అన్న తేడా ఉండదు. ఆ వానల తర్వాత మా వైపు ఎత్తు బండ్ల మీద మనసు ఇంకాస్త మళ్లిందని నా అనుమానం. లెక్కలు లేవు, చూసిన మాట చెబుతున్నాను.

కానీ ఎంత నీళ్లలో పోవచ్చు? పంచ్ విషయంలో కంపెనీ చెప్పే అంకె 370 మిల్లీమీటర్లు. మామూలు మనిషి మోకాలు నేల నుంచి దాదాపు 45, 50 సెంటీమీటర్లు ఉంటుంది. అంటే "మోకాలు లోతే కదా, పోదాం పా" అని ఎవరైనా అంటే అది కంపెనీ చెప్పిన హద్దు దాటినట్టే. పిక్కల దాకా అయితే సరే, మోకాలు దాకా వద్దు. ఇంకో చిక్కు, నీళ్లు నిలకడగా ఉండవు. పక్క నుంచి ఆర్టీసీ బస్సు పోతే లేచే అల బానెట్ దాకా వస్తుంది. ఇంజిన్ గాలి పీల్చుకునే గొట్టం మూతి ముందు వైపునే ఉంటుంది. అందులోకి నీళ్లు పోయాయా, గాలి అయితే పిస్టన్ నొక్కితే నలుగుతుంది, నీళ్లు నలగవు. పిస్టన్‌ను పట్టుకున్న రాడ్డు వంగిపోతుంది. మెకానిక్కులు దీన్నే ఇంజిన్ నీళ్లు మింగింది అంటారు.

చాలామంది బండిని చంపేది ఆ తర్వాతి క్షణంలో. బండి ఆగగానే తాళం తిప్పుతారు. నీళ్లలో ఆగిపోయిన ఇంజిన్‌ను మళ్లీ స్టార్ట్ చేయొద్దు. దిగి, నలుగురిని పిలిచి, తోయించండి. ఇన్సూరెన్సు వాళ్లు కూడా ఇదే అడుగుతారు, ఆగాక స్టార్ట్ చేశారా అని. మామూలు పాలసీలో, బంపర్ టు బంపర్ అని మనం పిలుచుకునే జీరో డెప్‌లో కూడా, నీళ్లు మింగిన ఇంజిన్‌కు సాధారణంగా డబ్బులు రావు. ఇంజిన్ ప్రొటెక్ట్ అని విడిగా ఒకటి తీసుకోవాలి. దాని ప్రీమియం మొత్తం పాలసీలో చిన్న భాగమే. సన్‌రూఫ్‌కు వేలు పోసి, దీనికి "ఎందుకులెండి" అన్న పెద్దమనిషి మా బ్లాకులోనే ఉన్నారు. నాలా పక్క ఇల్లు ఆయనది.

గుంతల సంగతి కూడా వాన తోడే వస్తుంది. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఆరు కిలోమీటర్ల పైచిలుకు ఎలివేటెడ్ కారిడార్ పని 2018లో మొదలైంది. అది ఏళ్ల తరబడి సాగుతూ పోయింది. కింద రోడ్డు మీద తిరిగినవాళ్లకు బండి గురించి తెలియనిది లేదు. అక్కడ రోజూ తిరిగేవాళ్లు చెప్పేది ఒక్కటే, టైరు చూసుకోండని. పెద్ద అల్లాయ్ వీలు, సన్నటి టైరు చూడ్డానికి బాగుంటాయి. గుంతలో పడితే రబ్బరు పల్చగా ఉంది కాబట్టి దెబ్బ నేరుగా రిమ్ముకే తగులుతుంది. పదిహేను అంగుళాల చక్రానికి మందంగా రబ్బరున్న కింది వేరియంటు ఈ రోడ్డు మీద ఎక్కువ సుఖం. టైరు పక్కన ఎక్కడైనా చిన్న బుడిపెలా ఉబ్బితే లోపల దారాలు తెగాయని గుర్తు. అది పంచర్ షాపుకు కాదు, మార్చడానికే. ఉప్పల్‌లో ఒక టైర్ల షాపతను వేలితో నొక్కి చూపించాడు. గుడ్డు పెంకు కింద వేలు పెట్టినట్టుంది. "ఇది హైవే మీద పేలుతది అన్నా, ఇక్కడ పేలదు. అందుకే ఎవ్వరు నమ్మరు" అన్నాడు.

పికప్, మైలేజీ గురించి త్వరగా చెప్పేస్తాను. ఎందుకంటే వీటి మీద వాదన మొదలైతే టీ చల్లారిపోతుంది. పన్ను కోసం ఇంజిన్ చిన్నదయింది, చాలావాటిలో మూడే సిలిండర్లు. సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగ్‌లో చిన్న వణుకు తెలుస్తుంది. కొన్న వారంలో అది పెద్ద విషయం, తర్వాత గుర్తుండదు. ఏసీ వేసి, ఐదుగురిని ఎక్కించి, సెల్లార్ ర్యాంపు ఎక్కేటప్పుడు మాత్రం గుర్తొస్తుంది. ఫస్ట్ గేరులో గట్టిగా తొక్కాల్సిందే. టర్బో ఉన్నది చురుగ్గా పోతుంది, దానికి తగ్గట్టు తాగుతుంది. క్లచ్ తొక్కలేక ఏఎంటీ కొన్నవాళ్లు హబ్సిగూడ చౌరస్తా, తార్నాక సిగ్నళ్ల దగ్గర దేవుడికి దండం పెట్టుకుంటున్నారు. గేరు మారేటప్పుడు బండి తల ఊపుతుంది, ఒప్పుకోవాలి. వాలు మీద వెనక్కి జారుతుందా లేదా అన్నది టెస్ట్ డ్రైవ్‌లోనే చూసుకోవాలి.

మైలేజీ? కంపెనీ చెప్పేది ప్రయోగశాలలో రోలర్ల మీద తీసిన అంకె. మన సిగ్నళ్ల మధ్య పెట్రోలు బండికి పది, పన్నెండు వస్తున్నాయన్నవాళ్లు ఎక్కువ. వరంగల్ రోడ్డు ఎక్కితే పదహారు దాటుతోందన్నారు. 2025 నాటికి బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే. ఇథనాల్‌లో లీటరుకు ఉండే శక్తి పెట్రోలులో దాదాపు మూడింట రెండు వంతులు. కాబట్టి 10 శాతం కలిపిన రోజులతో పోలిస్తే మూడు నాలుగు శాతం తగ్గడం మామూలే. "సగానికి పడిపోయింది" అన్నవాళ్లు ముందు టైర్లలో గాలి చూసుకోవాలి. సీఎన్‌జీ తీసుకున్నవాళ్ల జేబుకు హాయి, ఓపికకు పరీక్ష. బంకు దగ్గర వరుస చూసి తిరిగొచ్చేవాళ్లూ ఉన్నారు.

పార్కింగ్ మాట ఎవరూ ముందు ఆలోచించరు. హబ్సిగూడలో పాత అపార్ట్‌మెంట్లు మారుతి 800 కాలంలో లేచినవి. ఆ కారు వెడల్పు 1,440 మిల్లీమీటర్లు. నెక్సాన్ వెడల్పు 1,804. అంటే అడుగుకు పైనే తేడా. రెండు పిల్లర్ల మధ్య గీసిన తెల్ల గీతలు మాత్రం అప్పటివే. బండి లోపలికి పోతుంది, డోరు తెరుచుకోదు. అద్దాలు మడిచి, పొట్ట లోపలికి పీల్చి బయటికి రావాలి. అసోసియేషన్ మీటింగుల్లో ఇదివరకు నీళ్ల ట్యాంకరు మీద గొడవలయ్యేవి, ఇప్పుడు పిల్లరు మీద గీతలు ఎవరు పెట్టారన్నదాని మీద అవుతున్నాయి.

కొత్త బండి కొనగానే మన వైపు వాళ్ల మొదటి ప్రయాణం ఎటో చెప్పనక్కర్లేదు. ఉప్పల్ నుంచి ఘట్‌కేసర్, బీబీనగర్, భువనగిరి మీదుగా గుట్ట. చక్రాల కింద నిమ్మకాయలు, బానెట్ మీద పసుపు బొట్టు, అద్దానికి కట్టిన దండ. నరసింహస్వామి దగ్గర పూజ అయితే తప్ప నంబరు ప్లేటుకు తృప్తి లేదు. తిరుగు ప్రయాణంలో కొందరు ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కుతారు. అక్కడ వేగ పరిమితి 2023లో గంటకు 100 నుంచి 120 కిలోమీటర్లకు పెంచారు. ఎత్తు బండికి ఎత్తే శత్రువయ్యే చోటు ఇది. బరువు పైకున్న బండి హఠాత్తుగా లేన్ మారిస్తే చిన్న కారుకన్నా ఎక్కువ ఒరుగుతుంది, పక్క గాలి తగిలితే తెలుస్తుంది. ఉప్పల్ గల్లీలో మహారాజులా అనిపించిన బండిలో ఇక్కడ స్టీరింగ్ రెండు చేతులతో పట్టుకోవాలి. స్టార్ రేటింగు సంగతి వేరు, అది గుద్దుకున్నాక లోపలివాళ్లు ఏమవుతారో చెబుతుంది. 2018లో నెక్సాన్ గ్లోబల్ ఎన్‌క్యాప్‌లో ఐదు నక్షత్రాలు తెచ్చుకున్నాకే మన షోరూముల్లో ఆ మాట వినబడడం ఎక్కువైంది. 2023 అక్టోబరు నుంచి భారత్ ఎన్‌క్యాప్ కూడా మొదలైంది. వెనక సీట్లో బెల్టు పెట్టుకోని ఇంట్లో ఐదు నక్షత్రాలూ ముందు సీటు దగ్గరే ఆగిపోతాయి.

మన తెలుగు నేలకూ ఈ కథలో వాటా ఉంది. సోనెట్ తయారయ్యేది పెనుకొండ దగ్గర, కియా ఫ్యాక్టరీలో. 2017లో ఒప్పందం అయింది, 2019లో అక్కడి నుంచి మొదటి కార్లు మార్కెట్లోకి వచ్చాయి. ఏడాదికి 3 లక్షల బండ్ల సామర్థ్యంతో అది మొదలైంది. కరువు సీమ అని పాఠాల్లో చదువుకున్న నేల మీద తయారైన బండిని హబ్సిగూడలో తోలుతున్నాం. ఇక 2024లో దేశంలో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడైన కారు పంచ్, 2 లక్షల పైచిలుకు. దాదాపు నలభై ఏళ్లుగా మారుతి వదలని మొదటి స్థానం అది. అంటే ఈ ఎత్తు పిచ్చి మన కాలనీది మాత్రమే కాదు.

కరెంటు బండ్ల గురించి కూడా అడుగుతున్నారు. తెలంగాణలో ఎలక్ట్రిక్ కార్లకు 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 దాకా లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ. ఇందాక చెప్పిన 14 శాతం గుర్తుంది కదా, అది మిగులుతుంది. సొంత ఇల్లున్నవాళ్లకు ఇబ్బంది లేదు. అపార్ట్‌మెంట్లో అయితే ముందు బండి కాదు, ప్లగ్ పాయింట్ సంగతి అసోసియేషన్‌తో తేల్చుకోండి. అది కారు కొనడంకన్నా పెద్ద పని.

చివరగా టెస్ట్ డ్రైవ్. షోరూము వాళ్లు మెయిన్ రోడ్డు మీద మెట్రో పిల్లర్ల పక్కన యూ టర్న్ కొట్టించి తీసుకొస్తారు. అది బండిని చూడడం కాదు, బండి మిమ్మల్ని చూడడం. మీ గల్లీకి తీసుకుపోదాం అనండి, కాదంటే ఇంకో షోరూముకు పొండి. ఇంట్లో అందర్నీ ఎక్కించండి, ఏసీ వేయండి, మీ సెల్లార్ ర్యాంపు మీద ఆపి మళ్లీ ఎక్కించండి. మీ వీధి బ్రేకరు దాటించండి. తర్వాత స్టీరింగ్ వదిలేసి వెనక మధ్య సీట్లో కూర్చోండి. 4 మీటర్ల బండిలో అసలు లోటు అక్కడే బయటపడుతుంది. కొనేది నడిపేవాడు, ఊరి దాకా ఆ మధ్య సీట్లో పోయేది ఇంకొకరు. ఇందాక చెప్పిన నాచారం లేత్ ఆయన బండిని మెచ్చుకుంటూ నాకు డిక్కీ తెరిచి చూపిస్తుంటే, పక్కనే నిలబడ్డ ఆయన భార్య అన్నది ఇది. "ఎత్తుంది, మంచిగుంది అన్నా. ఈయిన ముందట గూసుంటడు, పిల్లలు కిటికీల కాడ గూసుంటరు. నడిమిట్ల నేను గూసుంటే నా మోకాళ్లు యాడ వెట్టుకోవాల్నో షోరూమోడు చెప్పలే, ఈయిన అడగలే."